మూగబొమ్మకు మూడు హాళ్ళు

ఆ రోజుల్లో సినిమా రిప్రజెంటేటివ్ అంటే సినిమాలకు సంబంధించిన ఉద్యోగమని మా వీధిలో అందరూ అనుకునేవారు. చేరేదాకా నేనూ అలాగే అనుకున్నాను. చేరిన పది రోజులకు తెలిసింది, అది బస్సులకు సంబంధించిన ఉద్యోగమని. పొద్దున్నే రాజోలులో ఎక్కి అమలాపురంలో దిగడం, అక్కడ ఎక్కి కొత్తపేటలో దిగడం, కొత్తపేట హాలు ఓనరుగారు రావులపాలెం వెళ్ళారని తెలిసి మళ్ళీ ఎక్కడం. చేతిలో రెగ్జిన్ బ్యాగు, అందులో మడతలు పెట్టిన వాల్‌పోస్టర్లు, వాటి మధ్య అమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం (అందుకే నేనిచ్చిన పోస్టర్లలో హీరోయిన్ల బుగ్గల మీద పసుపు మరకలుండేవి, ఎవరూ అడగలేదు, కొత్త ఫ్యాషన్ అనుకుని ఉంటారు). ఆ రోజుల్లో అంటున్నానని మరీ పాతకాలం అనుకోకండి. పన్నెండేళ్ళ కిందటి సంగతి. అప్పటికే రీళ్ళ పెట్టెలు పోయి, బొమ్మ శాటిలైట్ ద్వారా ఆకాశంలోంచి నేరుగా హాల్లోకి దిగడం మొదలైంది. హాలువాళ్ళను ఒప్పించే పని మాత్రం ఇంకా బస్సుల మీదే జరిగేది.

నాన్నగారు పక్క ఊళ్ళో హైస్కూలు హెడ్మాస్టరు. తాతగారు ఒకరి చేలల్లో కూలిపని చేసిన మనిషి, నాన్నగారిని పట్టుబట్టి మిషన్ బడిలో వేశారు. ఆ చదువే మమ్మల్ని పాకలోంచి డాబాలోకి తెచ్చింది. అందుచేత మా ఇంట్లో ఉద్యోగం అన్న మాటకు టీచరు ఉద్యోగం అని ఒకే ఒక్క అర్థం ఉండేది. డిగ్రీ కాగానే నాచేత ఎడ్‌సెట్ రాయించారు. ఖర్మకాలి ర్యాంకు కూడా వచ్చింది. నాకేమో చిన్నప్పట్నుంచీ సినిమా పిచ్చి. రాజమండ్రిలో మా పిన్ని భర్త, అంటే బాబాయి, చిన్న డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు నడిపేవాడు. కాళ్ళావేళ్ళా పడి ఆయన దగ్గర మూడు నెలల ట్రయల్ మీద చేరాను. ఇంట్లో యుద్ధం జరిగింది. (నాన్నగారు కేకలేసే రకం కాదు. కోపం వస్తే అన్నం దగ్గర పచ్చడి అడగడం మానేస్తారు. అంతే, ఇల్లంతా వణికిపోతుంది.) పచ్చడి లేకుండా పదిహేను రోజులు గడిచాక అమ్మ మధ్యవర్తిత్వంలో ఒక ఒప్పందం కుదిరింది. బీఎడ్ కౌన్సెలింగు తారీఖు లోపల బాబాయి నన్ను పర్మనెంటు చేస్తే సినిమాల్లోనే ఉంటాను. చెయ్యకపోతే మారుమాట్లాడకుండా వెళ్ళి సీటు తీసుకుంటాను.

కౌన్సెలింగుకు ఇంకా ఇరవై రోజులుందనగా బాబాయి నన్ను ఆఫీసుకు పిలిపించాడు. ఆయన ఒక పెద్ద హీరో డబ్బింగు సినిమా కోసం మద్రాసు వెళితే, అది కావాలంటే ఇది కూడా తీసుకోవాలని ఇంకో సినిమా అంటగట్టారట, పెళ్ళికూతురితోపాటు ఆమె మేనత్తను కూడా తెచ్చుకోమన్నట్టు. ఆ మేనత్తే మన బొమ్మ. దాని పేరు చెప్పను. తీసినాయన ఎక్కడో ఉండే ఉంటారు, పాపం ఆయన మనసు నొచ్చుకుంటుంది. మూకీల కాలం నాటి కథ. ఆడవాళ్ళు సినిమాల్లోకి రాని రోజుల్లో ఆడవేషాలు వేసి, ఆ నడకతో ఊళ్ళకు ఊళ్ళను మురిపించిన ఒక మగ నటుడు, తర్వాత నిజం ఆడవాళ్ళు నటించడానికి వచ్చేసరికి పనిలేక, వాళ్ళకే జాకెట్లు కుట్టే దర్జీ అవుతాడు. బాగానే ఉంది కదా. కానీ దర్శకుడుగారు మూకీల కాలం కథ కనక సినిమా కూడా మూకీగానే తీశారు. రంగుల్లేవు, మాటల్లేవు. మధ్యమధ్య తెర మీద అక్షరాలు పడేవి గాని చుట్టూ గీసిన లతల మధ్య ఇరుక్కుని ఉండేవి, చదివేలోపు వెళ్ళిపోయేవి. మొదటి పది నిమిషాలైతే సంగీతం కూడా లేదు.

నేను ఆఫీసు కంప్యూటర్లో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఏడ్చాను (బాబాయి నాకు జలుబనుకుని మాత్రలు తెప్పించాడు). ఇలాంటి సినిమాను కోనసీమకు చూపించకపోతే నా సినిమా పిచ్చికి అర్థమేమిటి అనిపించింది. బాబాయికి అలాంటి బాధలేవీ లేవు. కోనసీమలో మూడు హాళ్ళు దీన్ని వేస్తే నేను పర్మనెంటు అన్నాడు, లేకపోతే ఎడ్‌సెట్ ర్యాంకు కార్డు జాగ్రత్తగా దాచుకోమన్నాడు. గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి ఒక మాట చెప్పాడు. "హాలువాళ్ళకి అబద్ధం మాత్రం చెప్పకురా. ఒక్కసారి చెబితే మళ్ళీ మనల్ని ఆ ఊళ్ళో బస్సు దిగనివ్వరు."

నేను అబద్ధం చెప్పలేదు. అదే వచ్చిన చిక్కు. కొత్తపేటలో ఓనరుగారికి కథంతా చెప్పి, ఆయన కళ్ళు కూడా కాస్త చెమర్చాక, ఇందులో సంభాషణలు ఉండవండి అని నిజాయితీగా చెప్పాను. ఆయన మర్యాదస్థుడు, కాఫీ తెప్పించారు. తెర మీద వాళ్ళు మాట్లాడకపోతే కింద మనవాళ్ళు మాట్లాడతారని, అది తన హాలుకు మంచిది కాదని సెలవిచ్చారు. రావులపాలెంలో ఓనరుగారిది ఇంకో బాధ. అరటి మార్కెట్లో గెలలెత్తి అలిసిపోయినవాళ్ళే తన ప్రేక్షకులని, ఫైటింగుల మోత ఉంటేనే వాళ్ళు మెలకువగా ఉంటారని, ఈ సినిమా వేస్తే ఆట అయ్యాక ఒక్కొక్కణ్ణీ లేపి పంపడం తన వల్ల కాదని చెప్పారు. అమలాపురంలో ఇద్దరున్నారు. ఒకాయన మాటల్లేవనగానే నవ్వారు, ఇంకొకాయన నవ్వలేదు. ఫలితం ఒకటే. పది రోజులు అలా గడిచాయి. ఇంట్లో నాన్నగారు ఏమీ అడిగేవారు కాదు. పచ్చడి అడగడం మాత్రం మొదలుపెట్టారు, దాన్నిబట్టి నా పరిస్థితి నాకు అర్థమైంది.

ఇక మిగిలింది రాజోలు దగ్గర జోళ్ళ బాబుగారు. ఆయనకు కొబ్బరితోటలున్నాయి, వరి పొలాలున్నాయి, వాళ్ళ నాన్నగారు కట్టించిన ఒక హాలుంది. చూపుకో జోడు, చదువుకో జోడు, ఒకటి ముక్కు మీద ఉంటే రెండోది నుదుటి మీద ఉండేది. అందుకే ఆ పేరు. ఆ మధ్యనే హాలుకు కొత్త సౌండు సిస్టం పెట్టించి, కనపడినవాళ్ళందరికీ ఆ సంగతే చెప్పుకుంటున్నారు. నేను వెళ్ళేసరికి తోటలో కొబ్బరికాయలు వలిపిస్తున్నారు. ఎండ మండిపోతోంది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు (ఆ వేళ పులిహోర బస్సులోనే వదిలేశాను). పీచు ఊడే చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. ఇంతమందికి కథ చెప్పి చెప్పి నాకు విసుగొచ్చేసింది. ఈసారి చేదు ముక్కే ముందు చెప్పేసి, కాదంటే వెళ్ళిపోదామనుకున్నాను. ఆయన జోడు మార్చుకుని పోస్టరు చూస్తూ అడిగారు.

"ఎలా ఉంటదండి బాబూ బొమ్మ?"

"మాటల్లేవండి," అన్నాను.

ఆయన పోస్టరు దించారు. "ఆయ్. మాటల్లేవా?"

"అస్సలు లేవండి."

తర్వాత జరిగింది మీకు అర్థమయ్యే ఉంటుంది. మా వైపు పులస పులుసు బాగా కుదిరితే బావుందనరు, మాటల్లేవంటారు. పెళ్ళి ఘనంగా జరిగితే మాటల్లేవంటారు. అంతకు మించిన మెచ్చుకోలు మా దగ్గర లేదు. రిప్రజెంటేటివులందరూ బొమ్మ సూపరండి, బంపరండి అని అరగంట ఊదరగొడితే, ఈ కుర్రాడు ఒక్క మాటతో సరిపెట్టాడని బాబుగారు ముచ్చటపడిపోయారు. బొండం కొట్టించారు. బొండం తాగుతున్నంతసేపూ నాకు తెలుసు, ఆయన పొరపాటు పడ్డారని. ఇప్పుడు చెప్పాలి, ఈ గుటక అయ్యాక చెప్పాలి అనుకున్నాను. ఇంతలో ఆయన ఫోను తీసి మలికిపురంలో హాలున్న బావమరిదిగారికి, తాటిపాకలో హాలున్న స్నేహితుడికి ఇదే సంగతి చెప్పేశారు. మాటల్లేవంట, కుర్రోడు మనవాడే, మాస్టారుగారబ్బాయి, అబద్ధం చెప్పే రకం కాదు. పది నిమిషాల్లో మూడు హాళ్ళు. బొండం ఖాళీ అయింది. నేను నోరు తెరవలేదు. అబద్ధం చెప్పలేదు కదా అని బస్సులో ఇంటిదాకా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

శుక్రవారం దాకా రోజుకో నరకం. బాబుగారు ఆటోకు మైకు కట్టించి సఖినేటిపల్లి రేవు దాకా తిప్పించారు. "చూసినవాళ్ళందరూ మాటల్లేవంటున్న చిత్రం" అని ఆ మైకు మా ఇంటి ముందు నుంచి వెళుతుంటే నాన్నగారు పేపరు పక్కన పెట్టి నా వంక చూశారు. నేను మంచినీళ్ళకని లోపలికి వెళ్ళిపోయాను.

మార్నింగ్ షోకు నేనూ వెళ్ళాను, వెళ్ళకుండా ఉండలేకపోయాను. నూట యాభై మంది దాకా వచ్చారు. ప్రకటనలన్నీ కొత్త సౌండులో గోడలదిరేలా పడ్డాయి. బాబుగారు వెనక నిలబడి ఆ మోతకు తలూపుతున్నారు. తర్వాత బొమ్మ పడింది. తెర మీద జనం నోళ్ళు కదుపుతున్నారు, హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ఒక నిమిషం జనం ఓర్చుకున్నారు. తర్వాత బెంచీల్లోంచి ఎవరో సౌండూ అని కేకేశారు. ఆ కేక బాల్కనీ దాకా పాకింది. ఈలలు, చప్పట్లు. బాబుగారు పంచె ఎగ్గట్టి ఆపరేటరు గదిలోకి పరిగెత్తారు, వెనకాలే నేను. లోపల ఆపరేటరు అప్పటికే కొత్త యాంప్లిఫయరు మూత విప్పేసి, టార్చి నోట్లో పెట్టుకుని వైర్లు పీకుతున్నాడు. కింద జనం సౌండు సౌండు అంటుంటే, పైన బాబుగారు ఇదిగో ఇటు చూడు, అదిగో అది వదులైంది అంటుంటే, ఇంకో వైరు పీకబోయాడు. అది పీకితే కొత్త సిస్టం నిజంగానే పోతుంది. ఇక తప్పలేదు.

"సౌండు బాగానే ఉందండి," అన్నాను. "బొమ్మలోనే మాటల్లేవండి."

బాబుగారు ఆగారు. "మరి ఆవేళ చెప్పలేదే?"

"చెప్పేనండి. మాటల్లేవండి అన్నాను కదండి."

ఆయన ముక్కు మీది జోడు తీసి, నుదుటి మీది జోడు దించుకుని, నా మొహం దగ్గరగా చూశారు. ఆపరేటరు నోట్లో టార్చి నోట్లోనే ఉంది. "ఆయ్," అన్నారు చివరికి. మా కోనసీమలో ఒక పద్ధతుంది, కోపం ముదిరేకొద్దీ గౌరవం పెరుగుతుంది. అప్పటిదాకా బాబూ అన్న మనిషి, స్కూటర్లు అడ్డుగా ఉన్నాయని అనౌన్సు చెయ్యడానికి పెట్టుకున్న మైకు తీసి నా చేతికిచ్చి, "అయితే ఆ మాటలేవో తమరే చెప్పండి," అన్నారు.

కింద జనం లేచి గేటు వైపు నడుస్తున్నారు. వాళ్ళు వెళ్ళిపోతే సౌండు పోయిన హాలని ఊరంతా చెప్పుకుంటారు, బొమ్మ ఎత్తేస్తారు, నా ఉద్యోగం కూడా దాంతోపాటే పోతుంది. మైకు నొక్కి, అందరూ దయచేసి కూర్చోండి అన్నాను, ఇది మూకీల కాలం సినిమా, ఆ రోజుల్లో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు, ఈ వేళ నేను చెబుతాను అన్నాను. (అదేదో ముందుగా అనుకున్న ఏర్పాటులా చెప్పాను. అది అబద్ధమే. ఆ ఉద్యోగంలో నేను చెప్పిన ఒకే ఒక్క అబద్ధం.) ఆదివారాలు చర్చిలో వాక్యం చదివి చదివి మైకు అంటే భయం లేకపోవడం ఒకటి కలిసొచ్చింది. మొదటి ఐదు నిమిషాలూ వాక్యం చదివినట్టే చదివాను. తర్వాత నాకు తెలియకుండానే మా ఊరి మాట వచ్చేసింది. తెర మీద తెల్లదొర ఏదో గద్దిస్తుంటే, ఏమండీ ఇదేం పద్ధతండి, రేపటికల్లా హాలు ఖాళీ చేసెయ్యాలండి అన్నాను. దొరగారిది కొత్తపేటేరా అని బెంచీల్లోంచి ఒకడు అరిచాడు. హాలంతా నవ్వు. వెళ్ళబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు.

అక్కణ్ణుంచి హాలుకూ నాకూ సంభాషణ మొదలైంది. కథానాయకుడు ఇంట్లో అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే, ఇందాకటి ఆవిడకి మీసాలేంటని ఒక ముసలమ్మ అడిగింది. ఆవిడే ఈయనండి మామ్మగారూ, ఇంటిదగ్గర మగాడు, పనిలోకెళితే ఆడమనిషి అని చెప్పాను. మా ఇంట్లో నేనూ అంతే అని ఆవిడ అంది. అతని పేరు అక్షరాల్లో ఏదో పడింది గాని నేనూ చదవలేకపోయాను, సుబ్బారావుగారని పెట్టేశాను. విలన్ సుబ్బారావుగారి వెంటపడితే, మీలాంటి పెద్దమనుషులు ఇలా చెయ్యకూడదండి అని సన్న గొంతుతో అన్నాను. ఈలలు. దర్శకుడుగారు అక్కడ ఉండి ఉంటే నన్ను కోర్టుకు లాగేవారు. ఆయన గొప్ప విషాదాన్ని నేను మూడొంతులు హాస్యం చేసేశాను. తప్పే, కానీ అంతమంది ఒక్కసారిగా నవ్వుతుంటే ఆ మైకు వదలబుద్ధి కాలేదు.

చివరి ఘట్టం వచ్చింది. మన సుబ్బారావు దర్జీ కొట్లో ఉంటాడు. తన స్థానంలోకి వచ్చిన కొత్త హీరోయిన్‌కు జాకెట్ కుట్టి, ఎవరూ చూడకుండా అద్దం ముందు తన ఒంటికి ఆనించుకుని చూసుకుంటాడు. ఒక్క అడుగు ఆ పాత నడక నడుస్తాడు. ఏదో చెప్పాలని మైకు దగ్గరగా పెట్టుకున్నాను, మళ్ళీ అతనివైపు చూశాను. మైకు దించేశాను. ఎవరూ సౌండు అనలేదు. ఇందాక మీసాల సంగతి అడిగిన ముసలమ్మ ముక్కు చీదడం మాత్రం వినపడింది. లైట్లు వేశాక కూడా జనం వెంటనే లేవలేదు. బాబుగారు వచ్చి మైకు తీసుకుని, నీళ్ళ గ్లాసు ఇచ్చి, "మాట్నీకి కూడా ఉండండి బాబూ," అన్నారు. బాబూ అనడంతో బతికిపోయాననుకున్నాను.

మలికిపురంలో, తాటిపాకలో మాట్నీకే బొమ్మ ఎత్తేశారు. వాళ్ళకు నేను లేను కదా. జోళ్ళ బాబుగారి హాల్లో మాత్రం శుక్ర, శని, ఆదివారాలు రోజుకు రెండాటల చొప్పున చెప్పాను. ఆదివారం మాట్నీకి నా గొంతు కప్పగొంతు అయిపోయి, సుబ్బారావుగారు, దొరగారు, విలను అందరూ ఒకేలా మాట్లాడారు. ఆట అయ్యి లైట్లు వెలిగాక చూస్తే, చివరి వరసలో నాన్నగారు. చర్చికి కట్టుకున్న తెల్లబట్టలే. పెళ్ళయ్యాక ఆయన హాల్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. నేను బిక్కచచ్చిపోయి దగ్గరికి వెళ్ళాను. బయటికి నడుస్తూ, ఎంతమంది ఉన్నారని అడిగారు. డెబ్భై మంది ఉంటారండి అన్నాను.

"రెండు గంటలు ఒక్కడు లేవలేదురా," అన్నారు. "నా క్లాసులో నలభై మంది. నలభై నిమిషాలు కూచోబెట్టడానికి ముప్ఫై ఏళ్ళబట్టి చస్తున్నాను." నాకో గోలీసోడా కొనిపెట్టి బస్సెక్కి వెళ్ళిపోయారు.

సోమవారం బాబాయి ఫోను చేశాడు. అందరి దగ్గరా అన్నీ విన్నాడు. తిట్టాల్సినంత తిట్టి, అబద్ధం చెప్పావా అని అడిగాడు. ఓనర్లకు మాత్రం ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు అన్నాను. మూడు హాళ్ళన్నాను, మూడు హాళ్ళలో పడింది, నీ ఖర్మ, వచ్చి ఆర్డరు పట్టుకెళ్ళు అన్నాడు. గురువారం కౌన్సెలింగు. మంగళవారం, బుధవారం నాకు నిద్ర లేదు. నేను గెలిచాను, ఒప్పందం ప్రకారం ఎవరూ నన్ను అడగలేరు. కానీ బస్సు, బ్యాగు, పోస్టర్లు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఆ డెబ్భై మంది మొహాలు తలుచుకుంటే లేచి కూర్చోవాలనిపిస్తోంది. గురువారం పొద్దున సర్టిఫికెట్లు సర్దుకుని కౌన్సెలింగుకు వెళ్ళిపోయాను. సినిమాల కోసం ఇంట్లో అంత యుద్ధం చేసి, ఇప్పుడు నాకే పంతులు పని నచ్చిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకని సీటు కాగితం నాన్నగారి చేతిలో పెట్టి, మొహం ఇంత పొడుగు చేసుకుని, మీ మాట కాదనలేక అన్నాను.

ఆ మాట నన్ను బాగానే పోషించింది. ఇంట్లో నాకు రెండు గారెలు ఎక్కువ పడేవి. ఉద్యోగం వచ్చాక స్టాఫ్‌రూములో నాన్న కోసం సినిమా రంగాన్ని వదులుకున్న మనిషి అని చెప్పుకునేవారు, నేను కాదనేవాణ్ణి కాదు. నా పెళ్ళిచూపుల్లో కూడా ఆ కథ పనికొచ్చింది. మొన్న వేసవిలో, రిటైరై ఇంట్లోనే ఉంటున్న నాన్నగారు అరుగు మీద మామిడికాయలు ఏరుతూ, ఉన్నట్టుండి, "నీ సినిమా ఉజ్జోగం నేనే పాడుచేసేనురా. ఆవేళ నేను హాలుకి రాకుండా ఉండవలసింది," అన్నారు. చేతిలోని కాయ అలాగే పట్టుకుని ఉన్నారు. నేను ఉన్నదంతా చెప్పేశాను. మీకోసం కాదండి, నాకే నచ్చి వెళ్ళాను, క్లాసులో నిలబడితే నాకు ఆ మూడు రోజులే గుర్తొస్తాయి, సిగ్గేసి మీకు చెప్పలేదు అన్నాను.

ఆయన చేతిలోని కాయను పక్కన పెట్టారు. తర్వాత మెల్లిగా, "పన్నెండేళ్ళబట్టి రోజూ దేవుణ్ణి క్షమాపణ అడుగుతున్నాన్రా," అన్నారు.

ఇరవై రెండేళ్ళ వెధవ ఒకడు తన పరువు కోసం ఆడిన ఒక్క మాటకు ఆయన ఇన్నేళ్ళు కుమిలిపోయారు. పొద్దున ప్రార్థన చివర్లో ఆయన కళ్ళు మూసుకుని లోపల్లోపల ఏదో అనుకునేవారు, మేమందరం తలలు వంచుకుని ఎదురుచూసేవాళ్ళం, ఉప్మా చల్లారిపోయేది. అది దేనికోసమో ఎవరికీ తెలియదు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మామిడికాయలు ఏరడం మొదలుపెట్టాను, ఇంకేం చెయ్యాలో తోచక. ఆయన కూడా ఏరుతూ కూర్చున్నారు. మర్నాటి నుంచి మా ఇంట్లో ప్రార్థన రెండు నిమిషాలు ముందే అయిపోతోంది.